ప్లగ్ పీకినా మీ ప్రాజెక్టు లేచి నిలబడుతుందా?

ఫైనలియర్ ప్రాజెక్టు డెమో ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. ల్యాప్‌టాప్ తెరుస్తారు. ఒక టెర్మినల్‌లో డేటాబేస్‌కి ఒక కమాండ్, ఇంకో టెర్మినల్‌లో సర్వర్‌కి ఇంకో కమాండ్ కొడతారు. బ్రౌజర్‌లో పేజీని రెండుసార్లు రిఫ్రెష్ చేస్తారు. పనిచేస్తుంది. ఎగ్జామినర్ తల ఊపుతారు, మార్కులు పడతాయి.

ఇప్పుడు చిన్న మార్పు ఊహించండి. ఎగ్జామినర్ వచ్చీరాగానే ఆ కంప్యూటర్ ప్లగ్ పీకేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టారు. కీబోర్డునీ మౌస్‌నీ ఎవరూ ముట్టుకోకూడదన్నారు. మీ ప్రాజెక్టు తనంతట తాను లేచి తెర మీదకు వస్తుందా?

చాలామంది ప్రాజెక్టులు రావు. కోడ్ తప్పు కాబట్టి కాదు. 'కంప్యూటర్ ఆన్ కాగానే ఈ ప్రోగ్రామ్ దానంతటదే మొదలవ్వాలి' అని ఎవరూ అడగలేదు, మనమూ నేర్చుకోలేదు. సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ ఉంటుంది, షెడ్యూలింగ్ అల్గారిథమ్స్ మీద లెక్కలు ఉంటాయి. మన ప్రోగ్రామ్‌ని బూట్‌లో ఎక్కించడం మాత్రం ల్యాబ్ రికార్డులో అరుదుగా కనబడుతుంది. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు నేను చెప్పేది ఒక్కటే. ఈ చిన్న పని నేర్చుకోండి. ఇది 'చదివినవాడికీ', 'పని చేయగలిగినవాడికీ' మధ్య ఉన్న గీత.

గండికోట దగ్గర తెర పెడితే...

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు వెళ్తే గండికోట. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నా పారిన లోయ, దాని అంచున కోట. లోపల మాధవరాయ స్వామి ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం. సెలవులొస్తే హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ జనం వస్తారు. కోట ముఖద్వారం దగ్గర ఒక టచ్ స్క్రీన్ పెట్టే పని మీకే వచ్చిందనుకుందాం. ఎటు వెళ్తే ఏముంది, ఏ కట్టడం కథేంటి అన్నది తెలుగులో, ఇంగ్లిష్‌లో, హిందీలో చూపించాలి. యాప్ రాయడం మీకు కష్టం కాదు. వారంలో రాసేస్తారు.

రాత్రి గాలివానకు కరెంటు పోయింది. తెల్లవారుజామున వచ్చింది. ఎనిమిదింటికి మొదటి బస్సు దిగింది. అప్పుడు తెర మీద ఏం కనబడాలి? కోట పటం కనబడాలి. చాలా చోట్ల కనబడేది ఏంటి? పాస్‌వర్డ్ అడిగే పెట్టో, ఖాళీ డెస్క్‌టాపో, 'అప్‌డేట్ చేయాలా?' అన్న ప్రశ్నో. అక్కడుండే వాచ్‌మన్ అన్నకి ఆ పాస్‌వర్డ్ తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఆయన ఫోన్ చేస్తాడు. కడప నుంచి 80 కిలోమీటర్లు పైచిలుకు ప్రయాణం చేసి ఒక మనిషి రావాలి, వచ్చి ఒక ఐకాన్ మీద రెండుసార్లు క్లిక్ చేయాలి. ఆ రెండు క్లిక్కుల కోసం ఒక రోజు కూలి, పెట్రోలు, మధ్యలో వచ్చిన వందలమంది నిరాశ.

తెర వదిలేయండి. లోయ అంచున వర్షం, ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న రాస్ప్‌బెర్రీ పై పెట్టారనుకోండి. అది ఆగిపోయినట్టు చెప్పడానికి కూడా పక్కన ఎవరూ ఉండరు. నెలాఖరున డేటా తీస్తే పదిహేను రోజులు ఖాళీ. పోయిన వానని మళ్లీ కొలవలేం కదా.

ఇలాంటి పరికరాలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. ఏటీఎం, టోల్‌గేటు, రైల్వే స్టేషన్ బోర్డు, ఆసుపత్రి టోకెన్ తెర, సీసీ కెమెరా రికార్డర్. ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట్ల ఉత్పత్తిని నమోదు చేసే పరికరాలు. వీటి ముందు ఎవరూ కూర్చుని 'రన్' నొక్కరు. ప్రపంచంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం ఇలా మనిషి లేకుండా లేచేదే. మనకి కాలేజీలో నేర్పేది మాత్రం మనిషి పక్కనే ఉంటాడన్న నమ్మకంతో రాసే సాఫ్ట్‌వేర్.

ముందు ఎవరు లేవాలి?

ఆన్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి ఏం జరుగుతుందో చూద్దాం. సపోర్టు, సిస్టమ్ అడ్మిన్, డెవ్‌ఆప్స్ ఇంటర్వ్యూల్లో ఇది పాత ప్రశ్నే, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ముందు మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ప్రోగ్రామ్ లేస్తుంది. పాతవాటిలో దాన్ని బయోస్ అంటారు, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ. అది మెమరీని, డిస్కులని గుర్తించి బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. లినక్స్‌లో అయితే ఎక్కువగా గ్రబ్. బూట్‌లోడర్ కెర్నల్‌ని మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నల్ డ్రైవర్లని సిద్ధం చేసుకుని, మొట్టమొదటి ప్రోగ్రామ్‌ని మొదలుపెడుతుంది. లినక్స్‌లో దాని ప్రాసెస్ నంబరు ఎప్పుడూ 1. ఇప్పుడు ఎక్కువ లినక్స్‌లలో ఆ స్థానంలో సిస్టమ్‌డీ ఉంటుంది. 2010లో వచ్చింది, 2015 నాటికి డెబియన్, ఉబుంటు రెండూ దానికి మారాయి. నెట్‌వర్క్, డేటాబేస్, లాగిన్ తెర, మీ ప్రోగ్రామ్, అన్నింటినీ వరసగా లేపే బాధ్యత దానిదే.

వరస ఎందుకు ముఖ్యమో మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. ఎర్రగుంట్ల దగ్గర ఆర్టీపీపీ చూసే ఉంటారు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. కరెంటు తయారుచేసే ఆ కేంద్రం మొదలవ్వాలంటే దానికే ముందు కరెంటు కావాలి. నీటి పంపులు, గాలి ఊదే పెద్ద ఫ్యాన్లు, బొగ్గు పొడి చేసే మిల్లులు తిరిగితేగానీ బాయిలర్ వేడెక్కదు. అందుకే గ్రిడ్ మొత్తం పడిపోతే ముందు జలవిద్యుత్ కేంద్రాల లాంటి వాటిని లేపుతారు. వాటికి చాలా తక్కువ కరెంటు చాలు. అక్కడి నుంచి వచ్చే కరెంటుతో థర్మల్ కేంద్రాల్ని ఒక్కొక్కటిగా లేపుతారు. దీన్నే విద్యుత్ ఇంజినీర్లు బ్లాక్ స్టార్ట్ అంటారు. మీ వెబ్ సర్వర్‌కి డేటాబేస్ ఎలాంటిదో, థర్మల్ కేంద్రానికి ఆ మొదటి కరెంటు అలాంటిది. వరస తప్పితే అంతా ఉన్నా ఏదీ లేవదు.

ఎక్కించే దారులు

విండోస్‌లో నాలుగు దారులు గుర్తుంచుకోండి. మొదటిది స్టార్టప్ ఫోల్డర్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్‌లో 'షెల్', కోలన్, 'స్టార్టప్' అని ఖాళీ లేకుండా టైప్ చేస్తే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మీ ప్రోగ్రామ్ షార్ట్‌కట్ పెడితే చాలు. రెండోది రిజిస్ట్రీలోని 'రన్' కీ. ఈ రెండూ యూజర్ లాగిన్ అయ్యాకే పనిచేస్తాయి. మూడోది టాస్క్ షెడ్యూలర్. లాగిన్‌తో సంబంధం లేకుండా కంప్యూటర్ లేవగానే నడపమని దానికి చెప్పొచ్చు. నాలుగోది విండోస్ సర్వీస్. తెర అవసరం లేకుండా వెనకాల నడిచే ప్రోగ్రామ్‌లకి ఇదే సరైన చోటు.

లినక్స్‌లో సులువు దారి క్రాన్ పట్టికలో 'రీబూట్' అన్న ఒక వరస రాయడం. సరైన దారి మాత్రం సిస్టమ్‌డీకి ఒక చిన్న యూనిట్ ఫైల్ రాయడం. పది పన్నెండు వరసలు, అంతే. ఏ ప్రోగ్రామ్ నడపాలి, ఏ ఫోల్డర్ నుంచి నడపాలి, ఏ యూజర్ పేరుతో నడపాలి, దేని తర్వాత లేవాలి, పడిపోతే మళ్లీ లేపాలా వద్దా. ఈ అయిదింటికీ జవాబు అందులో ఉంటుంది. ఒక్క సంగతి మరిచిపోవద్దు. 'స్టార్ట్' అంటే ఇప్పుడు నడుపు అని. 'ఎనేబుల్' అంటే ప్రతి బూట్‌లోనూ నడుపు అని. మొదటిది చేసి రెండోది వదిలేస్తే ఇవాళ అంతా బాగుంటుంది, రేపు కరెంటు పోయి వచ్చాక ఏమీ ఉండదు.

ఈ తేడాకి ఎంత విలువో తెలియాలంటే రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష చూడండి. లినక్స్ అడ్మిన్ ఉద్యోగాలకి పేరున్న సర్టిఫికెట్ అది. బహుళైచ్ఛిక ప్రశ్నలుండవు, నిజమైన మెషీన్ మీద పని చేసి చూపించాలి. ఎవరూ చెయ్యి పెట్టకుండా, రీబూట్ తర్వాత కూడా మీరు చేసిన మార్పులు నిలబడాలని పరీక్ష నిబంధనల్లోనే రాసి ఉంటుంది. అంటే పని ఎంత బాగా చేసినా, రీబూట్‌కి అది పోతే చేయనట్టే లెక్క. మన కాలేజీ పరీక్షలకి కూడా ఈ ఒక్క వాక్యం కలిపితే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

చేత్తో నడిచింది, బూట్‌లో ఎందుకు నడవలేదు?

అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. ఫోల్డర్‌లో షార్ట్‌కట్ పెట్టడం రెండు నిమిషాల పని. పెట్టాక పనిచేయకపోతే ఎందుకో కనుక్కోవడమే నైపుణ్యం. ఎక్కువసార్లు తగిలే కారణాలు ఇవి.

ఒకటి, ఫోల్డర్. మీరు చేత్తో నడిపినప్పుడు ప్రోగ్రామ్ మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది. బూట్‌లో అలా కాదు. సిస్టమ్‌డీ దాన్ని డిస్కు మూలంలో నిలబెడుతుంది, విండోస్ సర్వీస్ అయితే సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉంటుంది. 'డేటా.సీఎస్‌వీ తెరువు' అని మీ కోడ్ అడిగితే అక్కడ ఆ ఫైల్ దొరకదు. పూర్తి దారి రాయండి, లేదా ఏ ఫోల్డర్ నుంచి నడపాలో యూనిట్ ఫైల్‌లోనే చెప్పండి.

రెండు, యూజర్. మీ లాగిన్‌లో పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, పాత్ సెట్టింగులు, ఏపీఐ కీలు అన్నీ ఉంటాయి. బూట్ సమయానికి మీరింకా లాగిన్ కాలేదు, అవేవీ ఉండవు. అలాగని అన్నింటినీ రూట్ పేరుతో నడిపేయొద్దు. ఆ ప్రోగ్రామ్‌లో చిన్న బొక్క ఉన్నా మెషీన్ మొత్తం దొంగ చేతికిచ్చినట్టే.

మూడు, తొందర. మీ ప్రోగ్రామ్ లేచేసరికి వైఫై ఇంకా కలవదు, డేటాబేస్ ఇంకా తలుపు తీయదు. 'నెట్‌వర్క్ వచ్చాక లేవు' అని సిస్టమ్‌డీకి చెప్పొచ్చు. కానీ గండికోట లాంటి కొండ మీద నెట్‌వర్క్ వచ్చి పోతూ ఉంటుందనుకునే రాయడం మంచిది. కాబట్టి కోడ్‌లోనే 'దొరక్కపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించు' అన్న ఓపిక ఉండాలి.

నాలుగు, గడియారం. రాస్ప్‌బెర్రీ పై 4 వరకూ ఉన్న బోర్డుల్లో కరెంటు లేనప్పుడు సమయం లెక్కపెట్టే బ్యాటరీ గడియారం లేదు. పై 5లో ఆ ఏర్పాటు ఉన్నా బ్యాటరీ విడిగా కొని పెట్టుకోవాలి. నెట్ దొరికేదాకా బోర్డుకి టైమ్ సరిగ్గా తెలియదు. ఆ లోపల నమోదైన వాన తప్పు గంటలో పడుతుంది.

అయిదు, అసలు మెషీనే లేవకపోవడం. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో కరెంటు పోయి వస్తే ఏం చేయాలన్నది బయోస్‌లో ఒక సెట్టింగ్. 'ఆఫ్‌లోనే ఉండు' అని ఉంటే మీ సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కాల్సిందే. సమస్యకి జవాబు ఒక్కోసారి కోడ్ బయట ఉంటుందని ఇది నేర్పుతుంది.

పరీక్షించేటప్పుడు ఇంకో తిరకాసు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నల్ పూర్తిగా మూతపడదు, దాని స్థితిని డిస్కులో దాచుకుని తర్వాత అక్కడి నుంచే లేస్తుంది. 'రీస్టార్ట్' నొక్కితేనే అన్నీ మొదటినుంచి జరుగుతాయి. అందుకే రెండు రకాలుగానూ పరీక్షించండి. ఏం జరిగిందో ఊహించకుండా లాగ్ చూడండి. లినక్స్‌లో జర్నల్, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్. ఎర్రర్ మెసేజ్‌ని ఓపిగ్గా చివరిదాకా చదివే అలవాటు ఉన్న ఫ్రెషర్‌ని ఏ టీమ్ లీడూ వదులుకోడు.

తనంతట తాను లేచేదే ముంచగలదు కూడా

ఇంతదాకా ఒకవైపే చెప్పాను. రెండోవైపు చూడాలంటే 2024 జులై 19 గుర్తు చేసుకోవాలి. ఆ శుక్రవారం ఉదయం మన టైమ్ ప్రకారం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక అప్‌డేట్ పంపింది. అందులో తప్పుంది. దాదాపు 80 నిమిషాల్లో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికే ఆలస్యమైంది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో కూలబడ్డాయి. ప్రపంచంలోని విండోస్ మెషీన్లలో అది ఒక శాతం కంటే తక్కువే. కానీ అవి విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఉన్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది.

తప్పు సరిదిద్దిన అప్‌డేట్ వచ్చేసినా మెషీన్లు ఎందుకు లేవలేదు? ఇక్కడే మన పాఠం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం డ్రైవర్ రూపంలో బూట్ మొదట్లోనే, కెర్నల్‌తో పాటే లేస్తుంది. దొంగల కంటే ముందే కాపలావాడు లేవాలన్నది ఉద్దేశం, మంచిదే. కానీ ఆ కాపలావాడే కూలిపోతే? కంప్యూటర్ కూలుతుంది, మళ్లీ లేస్తుంది, లేవగానే అదే ఫైల్ చదివి మళ్లీ కూలుతుంది. సరైన అప్‌డేట్‌ని నెట్ నుంచి తెచ్చుకునే వ్యవధి చాలా మెషీన్లకి దొరకలేదు. చివరికి ఐటీ సిబ్బంది ఒక్కో మెషీన్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో లేపి, ఒక ఫైల్ తీసేయాల్సి వచ్చింది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే దానికో పొడవాటి రికవరీ కీ కూడా వెతుక్కోవాలి.

తనంతట తాను లేచే ప్రోగ్రామ్‌కి ఎప్పుడు ఆగిపోవాలో కూడా తెలిసి ఉండాలి. సిస్టమ్‌డీలో మామూలుగా ఉండే కట్టుబాటు చూడండి. పది సెకన్లలో అయిదుసార్లు లేపే ప్రయత్నం అయిపోతే ఇక ఆపేస్తుంది. పిరికితనం కాదది, వివేకం. మీ ప్రాజెక్టులోనూ ఈ ప్రశ్న వేసుకోండి. నా ప్రోగ్రామ్ కూలితే మిగతా కంప్యూటర్‌ని కూడా తనతో లాక్కుపోతుందా? అవసరమైన దానికంటే ముందు లేస్తోందా? దాన్ని ఆపే దారి ఇంకొకరికి తెలుసా?

అడక్కుండా ఎక్కేవాళ్లు

ఇప్పుడే మీ ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ జాబితా చూడండి. చాట్ యాప్, గేమ్ లాంచర్, సంగీతం యాప్, ప్రింటర్ తాలూకు ఏదో. వీటిలో ఎన్నింటిని మీరు ఎక్కించారు? ల్యాప్‌టాప్ స్లో అయిందని కొత్తది కొనమని నాన్నని అడిగే ముందు ఆ జాబితాలో అక్కర్లేనివి ఆపేసి చూడండి. ఒక్కో దాని పక్కన దాని ప్రభావం ఎంతో కూడా రాసి ఉంటుంది. మ్యాక్‌లో 2022లో వచ్చిన వెంచురా నుంచి, ఏ యాప్ అయినా ఇలా ఎక్కితే యూజర్‌కి నోటిఫికేషన్ వస్తుంది. రేపు మీరు రాసే యాప్ కూడా అడిగి ఎక్కాలి, దిగమంటే దిగాలి. నా దృష్టిలో ఇది మర్యాద మాత్రమే కాదు, ఇంజినీర్ నిజాయితీకి పరీక్ష.

మాల్‌వేర్ రాసేవాళ్లకీ ఇదే దారి. ఒకసారి లోపలికి వచ్చిన దొంగ రీబూట్‌కి బయటపడకుండా స్టార్టప్‌లో చోటు చేసుకుంటాడు. సైబర్ భద్రతలో దీన్ని పర్సిస్టెన్స్ అంటారు. దాడుల పద్ధతుల్ని వర్గీకరించే మైటర్ అటాక్ పట్టికలో బూట్, లాగిన్ సమయంలో తనంతట తాను లేచే పద్ధతులకి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో అనలిస్ట్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు ఇది గమనించండి. రన్ కీ, స్టార్టప్ ఫోల్డర్, షెడ్యూల్డ్ టాస్క్‌లు, సర్వీసులు. పైన మీరు నేర్చుకున్న నాలుగు దారులే అక్కడ మీరు సోదా చేయాల్సిన నాలుగు గదులు.

'ఇప్పుడు క్లౌడ్ కదా అన్నా?'

ఈ మాట కచ్చితంగా అంటారు. క్లౌడ్‌లో, డాకర్‌లో, కుబెర్నెటిస్‌లో ఇవన్నీ అవే చూసుకుంటాయి కదా అని. చూసుకుంటాయి, మీరు చెబితే. డాకర్ కంటైనర్‌ని రీస్టార్ట్ పాలసీ ఇవ్వకుండా నడిపితే సర్వర్ రీబూట్ అయ్యాక అది లేవదు. కుబెర్నెటిస్ పాడ్ లేచిందా, పని చేయడానికి సిద్ధంగా ఉందా అని విడివిడిగా అడుగుతుంది. ఆ ప్రశ్నలకి జవాబిచ్చే కోడ్ రాయాల్సింది మీరే. పేర్లు మారాయి గానీ ప్రశ్న మారలేదు. ఎవరు ముందు లేవాలి, పడితే ఎవరు లేపాలి, ఎన్నిసార్లు లేపాలి? కింది మెట్టు తెలిసినవాడికి పై మెట్టు వారంలో వస్తుంది.

రెండో మాట, ఏఐని అడిగితే యూనిట్ ఫైల్ రాసిచ్చేస్తుంది కదా అని. రాసిస్తుంది. నేనూ అడుగుతాను. కానీ మీ మెషీన్‌లో ఆ ఫోల్డర్ ఉందో లేదో, ఆ యూజర్‌కి అనుమతి ఉందో లేదో, బయోస్‌లో ఏ సెట్టింగ్ ఉందో దానికి కనబడదు. లాగ్ చదివి సరైన ప్రశ్న అడగాల్సింది మీరే. పది వరసలు రాయడానికి ఇక ఎవరూ జీతం ఇవ్వరు. ఆ పది వరసలు ఎందుకు పనిచేయలేదో చెప్పడానికి ఇస్తారు.

మూడోది, కాస్త బాధతో అనే మాట. 'మాది చిన్న ఊరి కాలేజీ, మాకు సర్వర్లెక్కడివి?' దీనికే నాకు ఎక్కువ సంతోషం. ఈ పాఠానికి సర్వర్ అక్కర్లేదు. ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ చాలు. లినక్స్ ఉచితం. తెలుగులో వాడాలనుకుంటే స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన లినక్స్ కూడా ఉంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి కాలేజీల్లో పనిచేసే బృందాలున్నాయి. ఇక కరెంటు కోతలంటారా, హైదరాబాద్ పెద్ద ఆఫీసులో కూర్చున్నవాడు కరెంటు పోయినట్టు నటించి పరీక్షించాలి. జమ్మలమడుగులో, పులివెందులలో ఒక్క గాలివాన చాలు, మీ పరీక్ష ఉచితంగా అయిపోతుంది. మన ఇబ్బందినే మన ల్యాబ్ చేసుకుందాం.

కాలేజీలకి ఒక మాట, మీకు ఒక పని

ప్రాజెక్టు గైడ్‌లకి, డిపార్ట్‌మెంట్ హెడ్‌లకి ఒక విన్నపం. డెమో మార్కుల్లో కొన్ని 'రీబూట్ మార్కులు' పెట్టండి. కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి, కీబోర్డు ముట్టకుండా ప్రాజెక్టు లేస్తే ఆ మార్కులు ఇవ్వండి. పైసా ఖర్చు లేదు, సిలబస్ మార్చక్కర్లేదు. కొన్న ప్రాజెక్టులకీ సొంతంగా చేసిన ప్రాజెక్టులకీ తేడా కూడా బయటపడుతుంది. కొన్నవాడు స్క్రిప్ట్ బట్టీ పట్టగలడు గానీ, లేవకపోతే ఎందుకు లేవలేదో చెప్పలేడు.

మీకు చెప్పే పని చిన్నది. ఈ వారాంతంలో ఒక చిన్న ప్రోగ్రామ్ రాయండి. నిమిషానికోసారి సమయాన్ని ఒక ఫైల్‌లో రాస్తే చాలు. దాన్ని బూట్‌లో ఎక్కించండి. మెషీన్‌ని పదిసార్లు రీస్టార్ట్ చేసి పదిసార్లూ లేచిందో లేదో ఫైల్ చూసి లెక్కపెట్టండి. ఆ తర్వాత నెట్ తీసేసి, ఫోల్డర్ పేరు మార్చి, కావాలని ప్రోగ్రామ్‌ని కూల్చి, ప్రతిసారీ లాగ్‌లో ఏం వచ్చిందో ఒక పేజీలో రాసుకోండి. చివరికి మీ ఫైనలియర్ ప్రాజెక్టుకి అదే పని చేయండి.

ఆ తర్వాత రెజ్యూమెలో 'మంచి టీమ్ ప్లేయర్‌ని, త్వరగా నేర్చుకుంటాను' అన్న వరస తీసేసి, అక్కడ ఇలా రాయండి: 'కరెంటు పోయి వచ్చాక మనిషి ప్రమేయం లేకుండా లేచేలా ప్రాజెక్టుని సిద్ధం చేశాను, పది రీబూట్లలో పరీక్షించాను.' ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ వరస దగ్గర ఆగుతారు. 'ఎలా చేశావు?' అని అడుగుతారు. అప్పుడు బట్టీ పట్టిన జవాబు వెతుక్కోవాల్సిన పనిలేదు. జరిగింది జరిగినట్టు చెప్పండి, చాలు.